టైరు పట్టేంత దారి

కృత్తిక కార్తె, ఆరంభం

మాబున్ని అనుకున్నదానికంటే ముందే తిరిగొచ్చింది. ముందే వచ్చిందంటే చుట్టు పూర్తి కాలేదని అర్థం. నేను పెరట్లో కూర్చుని ట్యూబులకు అతుకులు వేస్తున్నాను. ఆమె సైకిలు గోడకు ఆనించి, కుండలోని నీళ్లు గడగడా తాగి, మూతి తుడుచుకోకుండానే చెప్పింది.

"దారి లేదక్కా. కంచె వేసేసినారు."

"ఏ దారికి?"

"పాత తార్రోడ్డుకు. రాగులదిన్నె దాటి రెండు మలుపులు తిరిగినానో లేదో, అడ్డంగా కంచె. పందిరికొట్టాల దాకా అదే కంచె. ఆడనుంచి గుత్తికొచ్చే దారి కూడా దాంట్లోనే పోయింది. లోపలంతా సోలారు పలకలు నాటినారు."

అతుకు వేస్తున్న ట్యూబు చేతిలోనే ఉండిపోయింది. గుత్తి నుంచి బయలుదేరి ఎనిమిది పల్లెలు తిరిగి మళ్లీ గుత్తికే చేరే ఈ చుట్టును గీసింది నేనే. హైవేల మీద మనుషులు కాలు పెట్టకూడదని చట్టం వచ్చాక పెద్ద రోడ్లన్నీ తోలేవాడు లేని లారీలవైపోయాయి. అంతకుముందే పెట్రోలు పోయింది. పల్లెలకు మిగిలినవి ఎర్రకంకర పోసిన గరుసు దారులు, బండ్ల బాటలు, మా సైకిళ్లు. మందుల పెట్టెలో ఐసు పెట్టి, దానికి తడి గోనె చుట్టి, సైకిలు వెనక కట్టుకుని మాబున్ని బయలుదేరుతుంది. ఆ ఐసు కరిగేలోపు ఇన్సులిను వేసుకునేవాళ్లందరికీ అందాలి. అందుకే చుట్టు. వెళ్లిన దారినే తిరిగి వస్తే ఐసూ చాలదు, కాళ్లూ చాలవు.

దారి గీసేటప్పుడు నేను చూసేవి మూడు: నీళ్లు, నీడ, నేల. కంచె సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు.

"పందిరికొట్టాలకు మందు?" అని అడిగాను.

"పెట్టెలోనే ఉండాది. వెనక్కి తెచ్చినా." ఆమె గొంతు మారలేదు గాని చూపు నేలమీదికి దిగింది. చుట్టులో చివరిదైన ఆ ఊళ్లో మందు మీద బతికేవాళ్లు ఐదుగురు. వాళ్లలో ఒకరు మాబున్ని అన్న కూతురు రిహానా.

"పోయినసారి ఇచ్చింది ఇంకొంత కాలం వస్తుందిలే," అన్నాను. ఎంత కాలమో ఇద్దరికీ తెలుసు.

కృత్తిక కార్తె, నడిమధ్య

కంచెకు ఒక గేటుంది. ఇద్దరం వెళ్లి దాని ముందు నిలబడ్డాం. లోపల కనుచూపు మేర నల్లటి పలకలు, వాటి మధ్య దుమ్ము తుడుచుకుంటూ తిరిగే చిన్న యంత్రాలు. ఇక్కడ పుట్టే కరెంటుతోనే హైవే మీద లారీలు పరుగెడతాయి. మనిషన్నవాడు ఒక్కడూ లేడు. గేటు స్తంభానికి ఒక మాట్లాడే పెట్టె ఉంది.

మా సంగతి చెప్పాను. ఒక ఆడగొంతు, చాలా మర్యాదగా, "మీ విన్నపం నమోదైంది," అంది.

"ఎవరికి చేరుతుంది?" అన్నాను.

"మీ విన్నపం నమోదైంది."

మాబున్ని ముందుకొచ్చింది. "లోపల పాత రోడ్డు అట్లే ఉండాది కదమ్మా. సైకిలు పట్టేంత సందు ఇస్తే సాలు. మీ పలకలు ముట్టుకోము."

"మీ విన్నపం నమోదైంది. కంచెకు దూరంగా నిలబడండి."

ఎండ నెత్తికెక్కేదాకా నిలబడ్డాం. తర్వాత గేటు ఏమీ పలకలేదు. తిరిగి వస్తూ మాబున్ని, "మనిషుంటే కాళ్లన్నా పట్టుకుందును," అంది.

ఆ రోజు నుంచి నక్షా ముందేసుకుని కూర్చున్నాను. నా దగ్గరున్న నక్షా చూపే చేతిపలకలో చిత్రాలు చాలా పాతవి. అందులో చెరువులు నిండుగా ఉన్నాయి, లేని ఊళ్లు ఉన్నాయి. ఆకాశం నుంచి కొత్తవి తీసే హక్కు మాకు లేదు. ఏదైనా పైకి ఎగరేస్తే హైవే వాళ్లు దించేస్తారు. కాబట్టి నేను గీత గీయడం, మాబున్ని వెళ్లి ఆ గీత నేలమీద ఉందో లేదో చూసి రావడం.

మొదటి గీత పాత రాళ్ల గనిలోకి వెళ్లి ఆగిపోయింది. దారి ఉన్నచోట తాటిచెట్టు లోతున గుంత. రెండో గీత ఎండిపోయిన కాలువ గట్టు మీద. గట్టు మంచి గరుసే గాని తెగిన చోట్లు లెక్కలేనన్ని, ఒక్కోచోట దిగి ఎక్కడానికి పూట పడుతుంది. మాబున్ని భుజాలు గీసుకుపోయి వచ్చింది. పల్లేరుకాయలు గుచ్చుకుని రెండు టైర్లూ జల్లెడైపోయాయి.

మూడోది నల్లరేగడి. రాగులదిన్నె నుంచి పందిరికొట్టాలకు నేరుగా ఆరేడు కిలోమీటర్ల చేలు. ఎండలో అయితే ఎలాగో దాటొచ్చు. ఒక్క వాన పడితే ఆ మన్ను టైరుకు, ఫోర్కుకు మధ్య పిండిముద్దలా పట్టేస్తుంది. చక్రం తిరగదు. సైకిలును మోయబోతే మనిషే దిగబడతాడు. అటు దారి గీయకూడదని నేను నేర్చుకున్న మొదటి పాఠం. అయినా గీశాను. గీసి చాలాసేపు చూశాను.

రోహిణి కార్తె, ఆరంభం

మద్దిలేటన్న పిలిపించాడు. మందు, ఐసు, సైకిళ్లు అన్నీ ఆయన చేతిమీదుగా నడుస్తాయి. అరవై దాటిన మనిషి. కఠినంగా మాట్లాడడు, అదే కష్టం.

"చుట్టు కురచ చెయ్యి సుంకమ్మా," అన్నాడు. "రాగులదిన్నె నుంచి కొండదారి పట్టి వెనక్కి తిప్పు. పందిరికొట్టాల వదిలెయ్యల్ల."

"ఆడ ఐదుగురు ఉండారన్నా."

"మిగతా ఊర్లలో నలభై మంది ఉండారు. ఉండేది రెండు సైకిళ్లు. ఇప్పుడు దారి ఎతుకుతా ఎతుకుతా మాబున్ని పడిపోతే ఆ నలభై మందికి ఎవరు పోతారు?"

"వాళ్లను గుత్తికి తెచ్చుకుంటే?"

"నీళ్ల వాటా రాసే నీటికార్డు లేకుండా గుత్తి గేటు దాటనిస్తారా? నా మనవడు పుట్టి ఏడాదయింది. వానికే కార్డు రాలేదు." మళ్లీ ఆయనే, "ఈ మాట అనడం నాకు బాగుందనుకుంటాండావా?" అన్నాడు.

ఇంటికొచ్చి కురచ చుట్టు గీశాను. కొండదారి మంచిది, అడుగడుగునా నీడ, రెండుచోట్ల ఊట. ఇన్నేళ్లలో నేను గీసిన వాటిలో ఇంత చక్కటి చుట్టు మరొకటి లేదు.

మాబున్నికి చూపించాను. ఆమె వేలితో దారంతా తడిమింది. పందిరికొట్టాల ఉండాల్సిన చోట వేలు ఆగింది.

"బాగుందక్కా," అంది. "రేపు నేను ఇట్ల పోను. వానలు రాకముందు రేగడిలో పడి పోతా. ఒక పెట్టెన్నా ఇచ్చొస్తా."

"మద్దిలేటన్న ఒప్పుకోడు."

"ఒప్పుకున్నాడు. ఇప్పుడే అడిగొచ్చినా. ఇదే ఆకరిసారి అన్నాడు."

"నేనూ వస్తాను," అన్నాను. నా వయసు, నా మోకాళ్లు ఆమెకు తెలుసు. వద్దనలేదు.

రోహిణి కార్తె, ఎండలు ముదిరాక

పందిరికొట్టాలలో కూర్చుని రాస్తున్నాను.

రేగడి వానలో ఎలా ఉంటుందో తెలుసుగాని ఎండలో ఎలా ఉంటుందో మరిచిపోయాను. నేలంతా నెర్రెలు. కొన్ని చెయ్యి దూరేంత, కొన్ని కాలు దూరేంత. సైకిలెక్కడం, దిగడం, నెట్టడం. వెనక నేను, ముందు మాబున్ని, ఆమె వెనక పెట్టె. గోనె తడపడానికి తెచ్చిన నీళ్లలోంచి నేను ఒక గుక్క తాగుతానని అడిగాను. ఆమె ఇచ్చింది, తను తాగలేదు.

సగం దారి దాటాక ఆమె ముందు చక్రం ఒక నెర్రెలో పడింది. ఫోర్కు వంగిపోయింది. మాబున్ని ఎగిరి పక్కకు పడి, లేచి, మొదట పెట్టె తడిమి చూసింది. తర్వాతే మోచేయి చూసుకుంది. ఆమె సైకిలు అక్కడే వదిలేసి, పెట్టెను నా సైకిలుకు కట్టి, ఇద్దరం నెట్టుకుంటూ వచ్చాం. ఊరి అంచున ఉన్న గరుసు దిబ్బ ఎర్రగా కనిపించినప్పుడు నాకు కళ్లు మసకలు కమ్మాయి. అక్కడే కూలబడ్డాను.

కళ్లు తెరిచేసరికి ఎవరో నా అరికాళ్లకు తడిగుడ్డ చుడుతున్నారు. గిడ్డయ్య. గొర్రెలు కాస్తాడు. ఆయనకూ రోజూ సూది పడాలి.

"లేయొద్దు తల్లీ," అన్నాడు. "ఎండ తగిలింది. మజ్జిగ తాగు."

"పెట్టె?"

"ఐసు ఇంగా కరగలా. మాబున్ని పంచుతాంది."

సాయంత్రం ఊరంతా పందిళ్ల కింద చేరింది. ఈ ఊళ్లో ప్రతి ఇంటి ముందూ కందికట్టెతో వేసిన పందిరి ఉంటుంది. పగలంతా వాటి కిందే బతుకు. నేను లేచి చెప్పాల్సింది చెప్పాను. ఇదే ఆఖరి పెట్టె. వానలు మొదలైతే దారి లేదు. వానలు వెళ్లాక కూడా వస్తామో లేదో చెప్పలేను.

రిహానా వాళ్లమ్మ బిడ్డను ఒళ్లోకి లాక్కుంది. ఆ పిల్లకు తొమ్మిదేళ్లుంటాయి, చూస్తే ఆరేళ్ల దానిలా ఉంటుంది.

గిడ్డయ్యే అడిగాడు. "సైకిలుకు ఎంత దారి కావాల?"

"అంటే?"

"బండికైతే ఇంత కావాల. మనిషికైతే ఇంత. సైకిలుకు ఎంత?"

నేను అరచేతులు రెండూ ఎడంగా పెట్టి చూపించాను. మూరెడు. నడిపేవాళ్లకు చెయ్యి తిరిగి ఉంటే అంతకంటే తక్కువైనా చాలు.

"దిబ్బలో గరుసు ఉండాది. గంపలుండాయి. మూరెడు వెడల్పున పోసుకుంటా పోదాం. రోడ్డు వెయ్యమంటే మనతో అయ్యే పని కాదు గాని, గీత పొయ్యమంటే అయితాది."

ఇన్నేళ్లూ నేను ఉన్న దారులనే వెతికి కలిపాను. లేని దారిని పోయడం గురించి ఎన్నడూ ఆలోచించలేదు. మనసులో లెక్క వేశాను. ఈ ఊరి జనమే అయితే మృగశిర దాటిపోతుంది. రాగులదిన్నె వాళ్లు అటువైపు నుంచి మొదలుపెడితే, వాన ఆలస్యమైతే, ఎవరూ జబ్బు పడకపోతే, అప్పుడు.

అది చుట్టు కాదు. చుట్టుకు తోక. వెళ్లిన దారినే తిరిగి రావాలి. అయినా "చేద్దాం," అన్నాను.

రోహిణి కార్తె, చివర

రాగులదిన్నె పెద్ద ఉరుకుందమ్మ. నా మాట మొత్తం విన్నది. చేతిలో విత్తనపు కాయలు వలుస్తూనే ఉంది.

"పందిరికొట్టాలోల్లు మాకు పరాయోల్లు కాదు సుంకమ్మా," అంది. "అయితే నువ్వు వచ్చిన యాళ చూసుకున్నావా? రేపో మాపో మృగశిర. తొలివాన పడితే ఇత్తనం పడల్ల. ఆ పదును పోతే ఏడాదంతా పస్తులే. నా మనుషుల్ని గరుసు మొయ్యడానికి పంపితే నా చేలల్లో గుంటకలు ఎవరు తోలాల?"

"వాళ్లు ఐదుగురు వదినా."

"మా ఊర్లో నూటికి పైన ఉండారు. వాళ్లు కూడు తినల్ల."

ఇదే లెక్క మద్దిలేటన్న చెప్పాడు. ఎవరి లెక్కలోనూ తప్పు లేదు. అక్కడే గడప మీద కూర్చుండిపోయాను.

నా వెనక మాబున్ని నిలబడి ఉంది. "ముయ్యి పెట్టుకుందాం అత్తా, పనికి పని," అంది.

ఉరుకుందమ్మ తలెత్తింది.

"ఇప్పుడు మీరు మాకు పనికి రాండి. వాన పడిన పొద్దే మా ఊరంతా మీ చేలల్లోకి వస్తాం. మా ఇత్తనం తర్వాత వేసుకుంటాం. మీదే ముందు."

"మీది ఎండిపోతే?"

"పోనీ."

"నువ్వు గుత్తిలో ఉండేదానివి. వాళ్ల తరపున నువ్వెట్ల మాటిస్తావు?"

"రిహానా నాకు అన్న కూతురు. మాటిస్తా. నేనే మొదట మీ చేనులో దిగుతా."

ఉరుకుందమ్మ కాయలు వలవడం ఆపింది. చాటలోని విత్తనాలను అరచేత్తో ఒకసారి కలిపింది. "రేపు పొద్దున్నే గంపలు తీసుకుని వస్తాం," అంది. "వానొచ్చిన పొద్దు మాత్రం గంప ఆడనే దించి వచ్చేస్తాం. మళ్లీ నన్ను అడగొద్దు."

మృగశిర కార్తె, ఆరంభం

రెండువైపుల నుంచీ పని నడుస్తోంది. గీత నేనే గీస్తున్నాను. మేకులు పాతి, తాడు లాగి, దాని వెంట గరుసు. ఎద్దులబండ్లు దిబ్బ దగ్గర నింపుకుని ఎంత దూరం పోగలిగితే అంత దూరం పోతాయి. అక్కడి నుంచి గంపలు. పోసినదాన్ని దిమ్మిసతో కొడతారు. ఎర్రటి గీత నల్లటి నేలమీద రోజూ కొంచెం పొడుగవుతుంది. పొద్దున లేవగానే నేను ఆకాశం చూస్తాను. అందరూ చూస్తారు.

పొద్దున సద్దరొట్టె, మధ్యాహ్నం సంగటి. నీళ్లు అరకుండ చొప్పున. రిహానా గంప ఎత్తుతానంటే వాళ్లమ్మ వద్దంది. ఆ పిల్ల గీత పొడవునా నడుస్తూ రాళ్లు ఏరేస్తోంది. టైరుకు గుచ్చుకునేవి ఎలా ఉంటాయో మాబున్ని నేర్పింది.

గిడ్డయ్య కుంటుతున్నాడు. ఇవాళ పట్టుకుని కూర్చోబెట్టి కాలు చూశాను. మడమ దగ్గర మొద్దుబారిన పుండు, చుట్టూ నల్లగా. రాయి కోసుకుని చాలా రోజులైనట్టుంది.

"నొప్పి లేదా?"

"తెలీదు తల్లీ. కాళ్లల్లో తిమ్మిరి. సక్కెర జబ్బు కదా."

"ఇంక గంప మొయ్యొద్దు."

"మందు అయిపోవచ్చింది. గీత అయిపోలేదు. కూచుంటే ఎట్ల?"

మందు నిజంగానే అయిపోవచ్చింది. కొందరు పూటకు సగమే వేసుకుంటున్నారు. రిహానా కళ్లు గుంటలు పడ్డాయి, ఎన్ని నీళ్లు తాగినా దాహమంటోంది. మాబున్ని గుత్తికి బయలుదేరింది. పెట్టె తెచ్చేసరికి గీత కలిసి ఉండాలి. ఆమె వెళ్లేముందు, "మద్దిలేటన్న ఇయ్యకపోతే?" అని అడిగాను.

"గేటుతో మాట్లాడినట్ల మాట్లాడను కదా. మనిషే కదా ఆయన," అంది.

మృగశిర కార్తె, తొలివాన

వాన తొందరగా వచ్చేసింది. మధ్యాహ్నం పడమర నల్లబడింది. గాలి లేచింది. రాగులదిన్నె వైపు వాళ్లు గంపలు దించి నిలబడటం నాకు ఇటునుంచి కనిపిస్తోంది. రెండు గీతల మధ్య పిలిస్తే పలికేంత దూరమే మిగిలింది. కాని ఆ మిగిలింది పల్లం. చేలన్నిటి నీళ్లూ అక్కడికే దిగుతాయి.

ఉరుకుందమ్మ చెయ్యెత్తి ఊపింది. తర్వాత వాళ్లు వెనక్కి తిరిగి నడిచారు. ఆమె మాట మీద నిలబడింది. నిందించడానికి ఏమీ లేదు. చినుకులు పెద్దవయ్యాయి.

ఇచ్చిన మాట ప్రకారం పందిరికొట్టాలలో చేతనైన వాళ్లంతా రాగులదిన్నె చేలల్లోకి వెళ్లాలి. మొదట దిగుతానన్న మాబున్ని గుత్తి నుంచి ఇంకా రాలేదు, అయినా వెళ్లారు. నా కళ్లముందే మన్నులో కాళ్లీడ్చుకుంటూ వెళ్లారు. మిగిలింది ముసలివాళ్లు, జబ్బుమనుషులు, చంటిబిడ్డల తల్లులు, నేను.

పల్లంలో గరుసు పోశాం. పోసింది పోసినట్టు మునిగిపోయింది. మళ్లీ పోశాం. బురద దాన్ని మింగేసి పైన నీళ్లు నిలిపింది. నేను అందులోనే మోకాళ్ల మీద కూర్చుని చేతులతో తవ్వి చూశాను. అడుగు తగల్లేదు. ఏడుపు వచ్చింది. ఎవరూ చూడకుండా ఏడ్చే చోటు కూడా లేదు ఆ బయల్లో.

గిడ్డయ్య కర్ర పట్టుకుని వచ్చి చూశాడు. వెనక్కి ఊళ్లోకి వెళ్లాడు. ఎంతసేపటికో తిరిగొచ్చాడు, వీపు మీద కందికట్టెల మోపుతో. తన ఇంటి ముందరి పందిరి విప్పేశాడు.

"అడుగున ఇది పరుచు," అన్నాడు. "దాని మీద గరుసు పొయ్యి. మునగదు."

పరిచాం. గరుసు పోశాం. కొంచెం దిగి, ఆగింది. కాలు పెట్టి చూశాను. ఊగింది గాని నిలబడింది.

రిహానా వాళ్లమ్మ లేచి వెళ్లింది. తర్వాత ఒక్కొక్కరూ వెళ్లారు. వానలో ఊళ్లోని పందిళ్లన్నీ విప్పుకొచ్చారు. పందిళ్లు చాలకపోతే కప్పుల మీది కట్టె కూడా లాగారు. చంటిబిడ్డలను తీసుకెళ్లి మిగిలిన ఒక్క పెంకుటింట్లో పడుకోబెట్టారు. వాన ఆగి, మళ్లీ పట్టింది. పల్లం సగం దాకా వచ్చాం.

మృగశిర కార్తె, ముసురు

గిడ్డయ్యకు జ్వరం. కాలు మోకాలి దాకా వాచింది. ఆ వాసనను బట్టి నాకు తెలిసిపోయింది, పెట్టె వచ్చినా ఆ కాలికి సరిపోయే మందు అందులో ఉండదు. ఆయనకూ తెలిసిందనుకుంటాను. తల దగ్గర కూర్చుంటే నన్ను పొమ్మన్నాడు.

"ఈడ కూచుని ఏం చేస్తావు తల్లీ. ఆడ పని ఉండాది."

"మిగిలింది చాలా తక్కువ. మధ్యాహ్నానికి కలిసిపోతుంది."

"మాబున్ని వస్తాందా?"

"రాగులదిన్నెకు వచ్చిందంట. అక్కడి నుంచి కబురొచ్చింది. మద్దిలేటన్న రెండింతలు ఐసు ఇచ్చి పంపాడంట."

"మంచోడు," అన్నాడు. "నా గొర్రెలు రిహానా వాళ్లకు ఇయ్యండి. ఆ పిల్లకు పాలు పడల్ల."

నేను పల్లానికి వెళ్లాను. కట్టె పరిచి, గరుసు పోసి, దిమ్మిస లేక కాళ్లతో తొక్కి, చివరి గంప అటువైపు గీతకు ఆనించాం. కలిసింది. ఎవరూ కేకలు వేయలేదు. అలిసిపోయి ఉన్నాం. రిహానా ఇంట్లో పడుకునే ఉంది. పిలిస్తే పలుకుతోంది గాని లేవడం లేదు.

తిరిగొచ్చేసరికి గిడ్డయ్య లేడు. పోయాడు.

మృగశిర కార్తె, ముసురు విడవక

ఈ ఊరి వల్లకాడు పల్లానికి అవతల మెరక మీద ఉంది. ఇటువైపు తవ్వితే గుంతలో నీళ్లూరుతాయి. ఆయన్ను అటు మోసుకెళ్లాలి. రాగులదిన్నె చేలల్లో పనికి వెళ్లినవాళ్లు కొందరు కబురంది తిరిగొచ్చారు.

పాడెను నలుగురు ఎత్తారు. గీత మూరెడు వెడల్పు. మోసేవాళ్లు దాని మీద నడిస్తే అంచులు విరిగిపోతాయి. వాళ్లలో ఒకడు నన్ను అడిగాడు, "ఎట్ల పోదాం?" అని. నేను జవాబు చెప్పేలోపే ముందున్నవాడు గీత దిగి బురదలోకి కాలు పెట్టాడు. తొడ దాకా దిగాడు. నలుగురూ దిగారు. ఇద్దరు ఆ పక్క, ఇద్దరు ఈ పక్క. మధ్యలో ఎర్రటి గీత మీదుగా, దాన్ని తాకకుండా, పాడె వెళ్తోంది. ఒక్కో అడుగుకు ఒక్కో కాలు పీకి తీయాలి. వెనక మేమందరం కూడా బురదలోనే నడిచాం. ఆడవాళ్లు ఏడుస్తూ పడుతూ లేస్తూ నడిచారు. గీత మీద ఎవరూ కాలు పెట్టలేదు.

పల్లం నడుమకు వచ్చేసరికి ఎదురుగా సైకిలు కనిపించింది. మాబున్ని. వెనక పెట్టె, దాని మీద గోనె. గీత మీద నెమ్మదిగా, చూపు ముందు చక్రం మీదే పెట్టి వస్తోంది. బాగా దగ్గరికొచ్చాక తలెత్తింది. పాడె చూసింది. మొహం చూసి గిడ్డయ్యను గుర్తుపట్టింది. ఆమె చేతులు బ్రేకుల మీదికి వెళ్లాయి.

"దిగొద్దు," అన్నాను. "పెట్టె తీసుకుని పో. రిహానా పడుకుని ఉండాది. పో."

మోసేవాళ్లు ఆగారు. గీతకు అటూ ఇటూ తొడల దాకా బురదలో నిలబడి, చేతులు చాచి, పాడెను తలలకంటే పైకి ఎత్తి పట్టుకున్నారు. మాబున్ని తల వంచి ఆ కిందుగా సైకిలు తొక్కింది. కాలు దించలేదు. కాలు దించితే అంచు విరుగుతుంది. ఆమె పెదవి కొరుక్కుంటోంది, కళ్లలోంచి నీళ్లు గడ్డం మీదికి కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి వదల్లేదు. కింద కందికట్టెలు చిటపటలాడాయి. గరుసు కుంగి, నిలబడింది.

ఆమె వెళ్లిపోయింది. ఊరివైపు చిన్నగా, ఇంకా చిన్నగా అయ్యేదాకా అందరం అక్కడే నిలబడి చూశాం.

"పోదాం రాండి," అన్నాడు ముందున్నవాడు. పాడెను మళ్లీ భుజాల మీదికి దించుకున్నారు.

మేం మెరక చేరి, తవ్వి, ఆయన్ను దించి, మన్ను కప్పేటప్పటికి ఊళ్లోంచి ఒక మనిషి బురదలో పడుతూ పరుగెత్తుకుంటూ వచ్చాడు. సూది పడిందని చెప్పాడు. పిల్ల లేచి కూర్చుందని, రొట్టె అడిగిందని చెప్పాడు.